ఈ-పుస్తకాల కాలంలో తెలుగు కథ, నవల: సొంత ప్రచురణ, అమ్మకం

రచయిత తన కథల సంపుటినో నవలనో ప్రచురణ సంస్థ చేతికి ఇవ్వకుండా తానే పుస్తకంగా తయారుచేసి, తానే ధర పెట్టి, పాఠకుడికి చేర్చడాన్ని సొంత ప్రచురణ అంటారు. అమెరికాలో దీన్ని ఈ-పుస్తకంతో పాటు వచ్చిన కొత్త విద్యగా చెప్పుకుంటారు. తెలుగు కథకులకు మాత్రం ఇది తాతలనాటి అలవాటు. ఇక్కడ పుస్తకానికి పెట్టుబడి చాలావరకు రాసినవాడే పెట్టాడు, కట్టలు మోసుకెళ్లి తానే అమ్ముకున్నాడు. ఈ-పుస్తకం వచ్చాక కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు, ఇంట్లో పేరుకుపోయే కట్టల బాధ పోయాయి. పాఠకుణ్ని వెతుక్కునే పని మాత్రం రచయితకే మిగిలింది, పైగా పెరిగింది. తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి చోట్ల ఉండి రాసేవాళ్లకు ఈ మార్పు వల్ల ఏం ఒనగూడింది, ఏం ఒనగూడలేదు అన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా చూద్దాం.

అచ్చు కాలం

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878 నుంచి ఆయన సొంత పత్రిక ‘వివేకవర్ధని’లో వరసగా వచ్చి, 1880లో పుస్తకమైంది. పత్రికా ఆయనదే, అచ్చుయంత్రమూ ఆయనదే. తెలుగు నవల తొలి అడుగుల్లోనే రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త ఒకే మనిషి. సీరియల్‌గా పాఠకులను కూడగట్టుకుని తర్వాత పుస్తకం వేసే పద్ధతి కూడా అప్పుడే మొదలైంది. ఇప్పుడు ఫోన్లలో నడుస్తున్నది ఆ పద్ధతే.

తర్వాత ఎమెస్కో పాకెట్ పుస్తకాలు, వారపత్రికల సీరియళ్లు, వీధి చివర అద్దె పుస్తకాల దుకాణాలు కలిసి నవలకు పెద్ద బజారును తెచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి ఆ బజారులో వెలిగారు. వాళ్లకు ప్రచురణకర్తలు దొరికారు. కథలు రాసేవాళ్లకు, మాండలికంలో రాసేవాళ్లకు, చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకు దొరకలేదు. వాళ్లు జీతంలోనో పంట డబ్బులోనో కొంత తీసి 500 కాపీలో వెయ్యో వేయించుకునేవాళ్లు. విశాలాంధ్ర, నవోదయ, ప్రజాశక్తి వంటి దుకాణాలకు అమ్మకానికి ఇచ్చేవాళ్లు. దుకాణం కమీషన్ 40 శాతం దాకా పోవడం మామూలే, మిగతా డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు కొంటే ఖర్చు గట్టెక్కేది. కొనకపోతే పెళ్లిళ్లలో, సభల్లో పంచిపెట్టడమే. తెలుగు కథా సాహిత్యంలో చెప్పుకోదగ్గ భాగం ఇలా రచయితల సొంత డబ్బుతోనే బతికింది. ఈ మాటను సాహిత్య చరిత్రలు తగినంత గట్టిగా చెప్పలేదు.

చిత్తూరు సీమలో దీనికి మంచి ఉదాహరణలున్నాయి. దామలచెరువులో బడిపంతులుగా ఉండి కథలు రాసిన మధురాంతకం రాజారాం 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన కుమారుడు నరేంద్ర ఏ ఏటికా ఏటి మంచి కథలను ఏరి ‘కథావార్షిక’ సంకలనాలను తిరుపతి నుంచి వెలువరించారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘సినబ్బ కతలు’, ‘మిట్టూరోడి కతలు’ వంటి పుస్తకాలతో ఈ సీమ మాటను రాష్ట్రమంతా వినిపించారు. తన పుస్తకాలను తానే వేసుకుని, పాఠకుల దగ్గరికి తానే పట్టుకెళ్లిన రచయితగానూ ఆయనకు పేరుంది. ఈ-పుస్తకాలు రాకముందే రచయితే తన పుస్తకాల అమ్మకందారు కావచ్చని ఆయన చూపించారు. కుప్పానికి అవతల, తమిళనాడు హోసూరు పరిసరాల తెలుగు కథకులు కృష్ణగిరి జిల్లా తెలుగు రచయితల సంఘం పేరుతో కలిసి సంకలనాలు వేసుకున్నారు. ఏ పెద్ద ప్రచురణ సంస్థా పట్టించుకోని ఆ ప్రాంతపు, అంటే మొరసునాటి, తెలుగు అచ్చులో నిలిచింది వాళ్ల చందాలతోనే.

అక్షరం దగ్గర చిక్కు

ఇంగ్లిషు రచయిత తన రాతప్రతిని సాయంత్రం ఎక్కిస్తే మరుసటి రోజుకు అమ్మకానికి వస్తుంది. తెలుగు రచయిత చాలా ఏళ్లు అక్షరం దగ్గరే ఆగిపోయాడు. దీనికి కారణం అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాతి కథ మొత్తాన్ని ఇదే మలుపు తిప్పింది.

అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒకే ప్రమాణమైన యూనికోడ్ 1991లో వచ్చింది; దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అయినా డీటీపీ సెంటర్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను, శ్రీలిపి వంటి ఫాంట్లతోనే పనిచేశాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు తెలుగు పుస్తకాలు అందులోనే కూర్చారు. ఈ పాత ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లిషు గుర్తులను. ఫాంటు వాటిని తెలుగు బొమ్మలుగా చూపిస్తుంది. ఫాంటు తీసేస్తే పేజీ నిండా అర్థం లేని గీతలు మిగులుతాయి. కాబట్టి అలా కూర్చిన నవలను ఈ-పబ్ రూపంలోకి, అంటే తెర వెడల్పును బట్టి పాఠ్యం సర్దుకునే రూపంలోకి, నేరుగా మార్చలేరు. మిగిలింది పీడీఎఫ్. అచ్చు పేజీకి ఫొటో తీసినట్టుండే ఆ పీడీఎఫ్‌ను ఫోన్‌లో చదవాలంటే ప్రతి పేరాకూ వేళ్లతో సాగదీసుకోవాలి. వెతుకులాటలో అందులోని ఒక్క మాటా దొరకదు. ‘పుంగనూరు’ అని గూగుల్లో కొడితే ఆ ఊరి మీద రాసిన నవల పైకి రాదన్నమాట. అమ్మకానికి ఇది పెద్ద దెబ్బ, కానీ కనబడని దెబ్బ.

ఈ గోడ మెల్లగా కూలింది. 2006లో వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ ఇంగ్లిషు మీటలతో తెలుగు యూనికోడ్ రాయడాన్ని సులువు చేసింది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామరాజ, గిడుగు, సురవరం, పొన్నాల వంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా గూగుల్ ఫాంట్లలో చేరాయి. ఇన్‌డిజైన్ కూడా భారతీయ లిపుల వత్తులనూ గుణింతాలనూ సరిగా కూర్చడం నేర్చింది. అన్నిటికన్నా పెద్ద మార్పును ఫోన్ కీబోర్డు తెచ్చింది. ఇప్పుడు తంబళ్లపల్లెలో ఒక బడిపంతులు కథను నేరుగా ఫోన్‌లో, నోటితో చెప్పి కూడా, యూనికోడ్‌లోనే రాస్తాడు. డీటీపీ సెంటర్ అవసరం అచ్చు పుస్తకానికే మిగిలింది. పాత పుస్తకాల దగ్గర మాత్రం చిక్కు తీరలేదు. అను ఫాంట్లలో ఉన్న దస్త్రాలను మార్చే ఉపకరణాలున్నా, వత్తులు తారుమారవుతాయి, ప్రూఫు మళ్లీ మొదటినుంచి చూడాల్సిందే. సొంతంగా ఈ-పుస్తకం వేసుకోదలచినవాళ్లు అన్నిటికన్నా ముందు తమ రాతప్రతికి ఒక శుభ్రమైన యూనికోడ్ కాపీ దగ్గరుంచుకోవాలి.

కిండిల్ రాని చోట

అమెజాన్ 2007 నవంబరులో ఈ-పుస్తకాలు చదివే పరికరం కిండిల్‌ను విడుదల చేసి, దానితోపాటే రచయితలు నేరుగా ఎక్కించుకునే వేదికనూ తెరిచింది. తర్వాత అదే కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్ అయింది. రచయితకు ధరలో 35 శాతమో, షరతులకు లోబడి 70 శాతమో ఇస్తామనడం ప్రచురణ రంగాన్ని కుదిపేసింది. భారతదేశపు అమ్మకాలపై 70 శాతం కావాలంటే ఆ ఈ-పుస్తకం 90 రోజులపాటు అమెజాన్‌లో తప్ప మరెక్కడా అమ్మకూడదన్న ఒప్పందంలో చేరాలి. అమెరికాలో అమాండా హాకింగ్ 2010లో సొంతంగా ఎక్కించిన నవలలు పది లక్షల కాపీలు దాటాక 2011లో ఒక పెద్ద సంస్థ ఇరవై లక్షల డాలర్ల ఒప్పందంతో ఆమె దగ్గరికి వచ్చింది. ఆండీ వీర్ తన వెబ్‌సైటులో ఉచితంగా విడతలుగా పెట్టిన ‘ది మార్షియన్’, కిండిల్‌లో 99 సెంట్లకు అమ్ముడై, 2014లో అచ్చు పుస్తకంగా, 2015లో సినిమాగా వచ్చింది.

ఆ తలుపు తెలుగుకు తెరుచుకోలేదు. అమెజాన్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు కిండిల్‌లో చోటిచ్చింది. ఆ అయిదింటిలో తెలుగు లేదు, కన్నడం లేదు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. అక్కడినుంచి కాస్త దూరం పోతే తమిళ ఊళ్లు. అక్కడి తమిళ రచయిత తన నవలను కిండిల్‌లో పెట్టి, అమెజాన్ నడిపిన రచనల పోటీలోనూ పాల్గొన్నాడు. కుప్పం తెలుగు రచయితకు ఆ వీలు లేకపోయింది. కోట్ల మంది మాట్లాడే భాషకు జరిగిన ఈ అన్యాయం మీద తెలుగు సాహిత్య సంఘాలు, విశ్వవిద్యాలయాలు గట్టిగా ఒత్తిడి తేవలసింది. తేలేదు. కన్నడిగులు మైల్యాంగ్ వంటి సొంత వేదికలు కట్టుకున్నారు.

తెలుగువాళ్లకు అంతకుముందే ‘కినిగె’ ఉంది. చావా కిరణ్ 2010లో హైదరాబాదులో ప్రారంభించిన ఈ దుకాణం తెలుగు ఈ-పుస్తకానికి నిజమైన తొలి బజారు. పీడీఎఫ్‌నైనా తీసుకునేది, పుస్తకాన్ని 30 రోజులకు అద్దెకిచ్చేది, అచ్చు ప్రతులూ అమ్మేది. పోస్టు ఖర్చుకు భయపడి తెలుగు పుస్తకం కొనడం మానేసిన విదేశీ తెలుగువాళ్లు మళ్లీ కొనడం మొదలుపెట్టడంలో దీని పాత్ర ఉంది. అద్దె పద్ధతి నాకు ముఖ్యంగా నచ్చుతుంది. అద్దె పుస్తకాల దుకాణాల్లో పెరిగిన పాఠకుడి మనసు తెలిసినవాళ్లే అలా ఆలోచించగలరు. ‘కినిగె’ ఒక పత్రికనూ నడిపి కొత్త కథకులకు చోటిచ్చింది. ఆ తర్వాత గూగుల్ ప్లే బుక్స్‌లోనూ తెలుగు పుస్తకాలు ఎక్కాయి. బెంగళూరు పోతీ.కామ్, చెన్నై నోషన్ ప్రెస్ వంటి సంస్థలు అడిగిన కాపీలే అచ్చువేసే పద్ధతిని తెచ్చాయి. ఒక్క కాపీ కావాలన్నా అచ్చువేసి పంపే ఏర్పాటు కాబట్టి ఇంట్లో కట్టలుండవు.

ఫోన్‌లో తిరిగొచ్చిన సీరియల్

2014 సెప్టెంబరులో బెంగళూరులో రంజిత్ ప్రతాప్ సింగ్, ఆయన సహచరులు ప్రారంభించిన ‘ప్రతిలిపి’ ఇప్పుడు తెలుగుతో కలిపి 12 భాషల్లో నడుస్తోంది. ఇక్కడ పుస్తకం అన్న రూపమే పక్కకు జరిగింది. రచయిత ఒక భాగం రాసి పెడతాడు, పాఠకులు ఆ కిందే అభిప్రాయం రాస్తారు, రెండో భాగం కోసం ఎదురుచూస్తారు. చందా కట్టిన పాఠకులకు భాగాలు ముందుగా తెరుచుకునే ఏర్పాటు వల్ల కొంత డబ్బు రచయితకు చేరుతుంది. 2016 సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. అదే ఏడు యూపీఐ మొదలై, చిన్న మొత్తాలు కట్టడం సులువైంది. ఈ రెండూ లేకపోతే పల్లెల్లో ఈ చదువు ఇంతగా పాకేది కాదు.

2020లో ఆంధ్రభూమి వారపత్రిక, నవ్య వారపత్రిక ఆగిపోయాయి. వారపత్రిక సీరియల్ కోసం ఎదురుచూసిన పాఠకురాళ్లు ఎటుపోయారని అడిగితే, ఎక్కువమంది ఈ యాప్‌లలోకే వచ్చారని చెప్పాలి. రాసేవాళ్లలోనూ గృహిణులు, చిన్న ఉద్యోగినులు చాలామంది. ప్రేమకథ, కుటుంబకథ, దెయ్యం కథ బాగా నడుస్తాయి. సాహిత్య విమర్శకులు వీటిని చదవకుండానే కొట్టిపారేస్తారు. యద్దనపూడి నవలలకూ ఒకప్పుడు అదే మర్యాద దక్కింది. వీటిలో భాష మీద పట్టున్న రచయితలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందైనా ఉన్నారు, వాళ్లను వెతికి పట్టుకోవలసిన బాధ్యత విమర్శకులదే.

అయితే సీరియల్ యాప్ రాతకు ఒక ఒరవడిని బలవంతంగా అంటగడుతుంది. ప్రతి భాగం చివరా ఉత్కంఠ ఉండాలి, రోజూ రాయాలి, ఆగితే పాఠకులు పక్కకు పోతారు. నెమ్మదిగా నడిచే కథకు, ఒక ఊరి గాలిని పట్టుకోవాలనుకునే నవలకు ఆ చోటు సరిపడదు. అటువంటి రచనలకు 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’, దానితోపాటు ‘సంచిక’ వంటి వెబ్ పత్రికలు ఆసరా. అక్కడ డబ్బు రాదు గానీ, చదివే కళ్లు దొరుకుతాయి.

సరిహద్దు సీమ రచయిత

తంబళ్లపల్లె 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి మారింది. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్లు. తెలుగు సాహిత్య పుస్తకాల పెద్ద దుకాణాలు తిరుపతి, విజయవాడ, హైదరాబాదుల్లో ఉన్నాయి. రచయితల సభలూ అక్కడే, పత్రికాఫీసులూ అక్కడే. హార్సిలీ కొండ కింద పల్లెల కథలు రాసేవాడికి ప్రచురణకర్త పరిచయం కావాలంటేనే రెండు రోజుల ప్రయాణం. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయానికి ‘ప్రసారాంగ’ అన్న ప్రచురణ విభాగం ఉంది. భాషా పరిశోధనకు అది మేలు చేసింది. కొత్త నవలాకారుడికి మాత్రం విశ్వవిద్యాలయ ప్రచురణ దారి కాదు.

ఇలాంటి చోటున్న రచయితకు ఈ-పుస్తకం ఇచ్చిన గొప్ప వరం దూరం లేకపోవడం. ఈ సీమ జనం బతుకుతెరువుకు బెంగళూరులో ఉంటారు, చదువుకున్నవాళ్లు అమెరికా దాకా వెళ్లారు. ‘పిలకాయలు’, ‘జాస్తి’, ‘అట్నే’ అన్న మాటలు తెర మీద కనబడితే వాళ్లకు ప్రాణం లేచివస్తుంది. కోస్తా ప్రచురణకర్త ‘ఈ యాస ఎవరికర్థమవుతుంది’ అని అడిగే చోట, రచయిత తన మాటను తన ఇష్టప్రకారం నిలుపుకోగలుగుతాడు. దీనికి మరో పక్కా ఉంది. మంచి సంపాదకుడు చూడని పుస్తకంలో అనవసరపు అధ్యాయాలుంటాయి, అచ్చుతప్పులుంటాయి. సొంతంగా వేసుకునేవాడు డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నా సంపాదకత్వం దగ్గర, ప్రూఫు దగ్గర మిగుల్చుకోకూడదు. ముఖచిత్రం కన్నా ముందు దానికి ఖర్చు పెట్టాలి.

చదవడం రాని పెద్దవాళ్లు, చదివే తీరిక లేనివాళ్లు ఈ సీమలో తక్కువేం కాదు. దాసుభాషితం వంటి శ్రవణ పుస్తకాల యాప్‌లు, కుకు ఎఫ్ఎం, పాకెట్ ఎఫ్ఎం వంటివి వాళ్లకు కథను వినిపిస్తున్నాయి. మాండలికం చెవికి ఎక్కినంత సులువుగా కంటికి ఎక్కదు కాబట్టి, ఇక్కడి కథకుడు తన కథను తన గొంతుతోనే చదివి పెట్టుకోవడం మంచి దారి.

అమ్మకం

అమీష్ త్రిపాఠి 2010లో ‘ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా’ను ప్రచురణ సంస్థలు వద్దన్నాక సొంతంగా తెస్తూ, మొదటి అధ్యాయాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి దుకాణాల్లో ఉచితంగా పెట్టించాడు. చదివినవాడు మిగతా కథ కోసం వస్తాడన్న నమ్మకం ఫలించింది. తెలుగులో అద్దంకి అనంత్‌రామ్ ‘రామ్@శృతి.కామ్’ సాఫ్ట్‌వేర్ కుర్రకారు మధ్య మాటగా పాకి అమ్ముడైన నవల. ఇప్పుడు అన్వీక్షికి, అజు, ఛాయ వంటి చిన్న సంస్థలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాముల్లో ముందస్తు బుకింగులు తీసుకుంటున్నాయి. సొంతంగా వేసుకునేవాళ్లు వాళ్ల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

పల్లె రచయితకు అన్నిటికన్నా పనికొచ్చేది వాట్సాప్. టమోటా ధరలు తెలుసుకునే ఫోన్‌లోనే కథ కూడా చదువుతారు. ఒక కథను పూర్తిగా, ఉచితంగా, యూనికోడ్ పాఠ్యంగా పంపి, చివర పుస్తకం కొనే లింకు పెట్టడం పనిచేస్తుంది. పీడీఎఫ్ పంపితే అది తిరిగి అందరికీ వెళ్లిపోతుంది, పుస్తకం అమ్మకం అక్కడే ఆగుతుంది. ధర తక్కువ పెట్టాలి, కానీ పూర్తిగా ఉచితం చేస్తే తర్వాతి పుస్తకానికి డబ్బు అడగడం కష్టమవుతుంది. రోజూ ‘నా పుస్తకం కొనండి’ అని పెట్టేవాళ్లను జనం మ్యూట్ చేస్తారు. తోటి రచయిత పుస్తకం చదివి నాలుగు మాటలు రాసేవాళ్ల మాటకే విలువ. ఆ పని చేసేవాళ్లు తెలుగులో ఇంకా పెరగాలి. హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం ఇప్పటికీ ముఖ్యమే. ఈ-పుస్తకం రచయిత కూడా అక్కడ కొద్ది కాపీలతో నిలబడితే, ముఖం తెలిసిన పాఠకులు దొరుకుతారు.

హక్కులు, పన్ను, దొంగ కాపీలు

రాసిన క్షణం నుంచే కాపీరైట్ రచయితది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కావాలంటే సాహిత్య రచనకు రుసుము 500 రూపాయలు. రచయిత బతికినంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఐఎస్‌బీఎన్‌ను కేంద్ర ప్రభుత్వపు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మనక్కర్లేదు. అచ్చు పుస్తకంపై జీఎస్టీ లేదు. ఈ-పుస్తకంపై 18 శాతం ఉండేది. 2018 జులైలో, అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-పుస్తకాలకు దాన్ని 5 శాతానికి తగ్గించారు. అచ్చు లేకుండా తెర మీదే వచ్చే నవలకు ఆ తగ్గింపు ఇవ్వకపోవడం కొత్త రచయితలకు నష్టం, దీన్ని మార్చాలి.

ప్రచురణకర్తలతో చేసుకున్న పాత ఒప్పందాలను మళ్లీ తీసి చూడాలి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి, పేరు పెట్టి రాస్తే తప్ప, ఆ బదిలీ వర్తించదని 2012 సవరణ చేర్చింది. పాతిక ముప్పయ్యేళ్ల కిందటి నవలల రచయితలు, వారి వారసులు తమ ఒప్పందాలను వకీలుకు చూపిస్తే, ఈ-పుస్తక హక్కు తమ దగ్గరే ఉందని తేలే అవకాశం ఉంది.

దొంగ కాపీలు టెలిగ్రామ్ చానళ్లలో తిరుగుతాయి. ఒక ఉపాధ్యాయురాలి పాఠాల విషయంలో 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అలాంటి చానళ్లు నడిపేవాళ్ల వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. కోర్టు దాకా వెళ్లే శక్తి చిన్న రచయితకు ఉండదు. ఫిర్యాదు చేస్తే వేదికలు లింకులు తీసేస్తాయి, మళ్లీ కొత్తవి వస్తాయి. పాత పుస్తకాలు బజారులో దొరకకపోవడం కూడా ఈ దొంగ కాపీలకు ఒక కారణం. చక్కగా కూర్చిన ఈ-పబ్ చవక ధరకు అందుబాటులో ఉంటే, మసక పీడీఎఫ్ కోసం వెతికే పాఠకుల్లో చాలామంది దాన్నే కొంటారు.